మూడు విజిల్స్ ఏడుపు

పోయిన ఆదివారం గుడివాడలో మా పిన్ని వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాల దగ్గర పిన్ని వచ్చి నా పక్కన కూర్చుని, పప్పు వడ్డించే అబ్బాయిని ఆపి నాకు ఇంకో గరిటె వేయించి, మా అబ్బాయి గురించి మెల్లగా అడిగింది, "ఏమే, మాటలొచ్చాయా వాడికి?" అని. రెండేళ్ళ నుంచి ఎప్పుడు కలిసినా ఇదే అడుగుతుంది, ప్రేమగానే అడుగుతుంది, అందులో నాకేం అనుమానం లేదు. "లేదు పిన్నీ, ఇంకా రాలేదు" అన్నా. "మరి అంతంత డబ్బు పోసి ఆ థెరపీ దేనికే" అంది. నేనేం మాట్లాడకుండా పెరుగన్నం కలుపుకున్నా.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాడు నా ఒళ్ళో నిద్రపోతుంటే నాకు ఒకటే ఆలోచన, పిన్నికి అబద్ధం చెప్పానా అని. అబద్ధమైతే కాదు, మాటలు నిజంగానే రాలేదు. కానీ ఆ రోజు పొద్దున్నే బయల్దేరే ముందు ఇడ్లీలోకి పల్లీ చట్నీ వేద్దామని మిక్సీ జార్ తీశా. వాడు హాల్లోంచి చూశాడు, రెండు చెవులూ మూసుకున్నాడు, బెడ్రూంలోకి వెళ్ళి మంచం మూల కూర్చున్నాడు, సౌండ్ ఆగాక మళ్ళీ హాల్లోకొచ్చి తన మూతలతో ఆడుకున్నాడు. అంతే. ఎవరూ ఏడవలేదు, ఎవరూ అరవలేదు. ఏడాది కిందట అదే జార్ బయటికి తీస్తే చాలు గోడకేసి తల కొట్టుకునేవాడు, చట్నీ సగంలో ఆపేసి వాణ్ణి పట్టుకోవడానికి పరిగెత్తేదాన్ని, చివరికి విసుగొచ్చి దాదాపు ఆరు నెలలు మా ఇంట్లో ఇడ్లీలోకి కారప్పొడే.

ఇది పిన్నికి ఎలా చెప్తాం చెప్పండి. "పిన్నీ, మిక్సీ వేస్తే మావాడు బెడ్రూంలోకి వెళ్ళిపోతున్నాడు" అంటే "అయ్యో, ఇంకా భయం పోలేదా తల్లీ" అంటుంది. ఆవిడ తప్పు కాదు, మొదట్లో నేనూ అలాగే అనేదాన్ని.

కొత్తగా చదివేవాళ్ళకి: మావాడికి ఆరేళ్ళు, మూడేళ్ళప్పుడు ఆటిజం అని చెప్పారు, రెండేళ్ళ నుంచి బిహేవియర్ థెరపీ, అంటే ఏబీఏ, వారానికి అయిదు రోజులు రోజుకో గంట, విజయవాడలోనే. స్పీచ్ థెరపీ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) వేరే. నేను డాక్టర్ని కాదు, థెరపిస్టుని అసలే కాదు. వంటింట్లోంచి చూసింది రాస్తున్నా.

ఆ మిక్సీ సంగతే తీసుకోండి. ఇప్పుడున్న సెంటర్లో చేరినప్పుడు "మీ ఇంట్లో ముందు ఏం మారాలి" అని అడిగితే నేను ఠక్కున చెప్పింది "మిక్సీ వేస్తే ఏడవకుండా కూర్చోవాలి" అని. థెరపిస్టు మేడం కాసేపు ఆగి "అమ్మా, ఆ సౌండ్ వాడికి మనకి వినపడినట్టు వినపడదు, నిజంగా నొప్పిగా ఉండొచ్చు. నొప్పి ఓర్చుకోవడం నేర్పుదామా, తప్పుకోవడం నేర్పుదామా?" అన్నారు. నాకు అప్పుడు కోపమొచ్చింది, డబ్బు కడుతోంది నేను కదా అని. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, పక్క వీధిలో డీజే పెడితే నేను కిటికీలు మూసుకుంటా, నన్నెవరూ ఓర్చుకో అనరు.

అలా టార్గెట్ మారింది. ముందు ఖాళీ జార్ చూపించి "మిక్సీ" అనడం, వాడి చేతులు పట్టుకుని చెవుల మీద పెట్టించడం, ఈయన వాణ్ణి బెడ్రూం దాకా నడిపించి తలుపు దగ్గరకేశాక "ఆ" అని కేకేస్తే నేను స్విచ్ వేయడం. మొదట్లో రెండే సెకన్లు తిప్పేదాన్ని. తర్వాత ఈయన సగం దూరం నడిపించి వదిలేసేవారు, తర్వాత ఉత్త వేలు చూపించేవారు, తర్వాత ఈయన ఆఫీసుకి వెళ్ళిపోయినా వాడే వెళ్ళేవాడు. ఇదంతా పదకొండు నెలలు. రాస్తే ఒక పేరా కూడా లేదు.

అసలు ఈ ఏబీఏ మొదలైన రోజుల్లోనే ఏది అసలైన మార్పు అన్న ప్రశ్న వచ్చిందట. 1968లో బేర్, వుల్ఫ్, రిస్లీ అనే ముగ్గురు ఈ పద్ధతికి ఏమేం లక్షణాలుండాలో రాసినప్పుడే, వచ్చిన మార్పు నిజ జీవితంలో పనికొచ్చేంత ఉండాలి అన్నారు. ఆ ముగ్గురిలోని వుల్ఫే పదేళ్ళ తర్వాత, 1978లో, సోషల్ వాలిడిటీ అని ఇంకో వ్యాసం రాశాడు. నాకర్థమైనంతలో అందులో ప్రశ్నలు మూడు: మనం పెట్టుకున్న టార్గెట్ వాళ్ళకి నిజంగా కావాల్సిందేనా, నేర్పే పద్ధతి వాళ్ళకి ఇష్టమయ్యేదేనా, వచ్చిన ఫలితంతో వాళ్ళు సంతోషంగా ఉన్నారా. యాభై ఏళ్ళ కిందటి మాట, కానీ నా చేతికి మూడు నెలలకోసారి వచ్చే ప్రోగ్రెస్ రిపోర్టులో ఈ మూడింట్లో ఒక్కదానికీ గడి లేదు, పర్సెంటేజీకి మాత్రం ఉంది.

రిపోర్ట్ అంటే గుర్తొచ్చింది. మేం ఇంతకుముందు వెళ్ళిన సెంటర్లో (పేరొద్దులెండి) ఎనిమిదో నెలలో ఇచ్చిన రిపోర్టులో "పండ్లు గుర్తుపట్టడం 90 శాతం, మాస్టర్డ్" అని ఉంది, అంటే పూర్తిగా వచ్చేసిందని. నేను ఎగిరి గంతేసి వస్తూ వస్తూ తోపుడుబండి దగ్గర ఆగి జామకాయ చూపించి "జామకాయ ఏదిరా" అన్నా. వాడు బండి చక్రం చూస్తున్నాడు. అరటిపండు? అదీ లేదు. ఇంటికొచ్చి ఏడ్చా. తర్వాత తెలిసింది, వాడికొచ్చింది పది కార్డులు, ఆ టేబుల్ మీద, ఆ మేడం గొంతులో, "గివ్ మీ గ్వావా" అని ఇంగ్లీషులో అంటే. కార్డు మీద జామకాయ కోసి లోపల ఎర్రగా ఉంటుంది, బండి మీద పచ్చగా గుండ్రంగా ఉంది, పైగా నేను తెలుగులో అడిగా. వాడి దృష్టిలో ఈ రెండూ ఒకటే అవ్వాల్సిన పనేముంది?

దీనికి జనరలైజేషన్ అని పేరు, నేర్చుకున్నది వేరే చోట, వేరే మనిషి దగ్గర, వేరే వస్తువుతో కూడా చేయగలగడం. స్టోక్స్, బేర్ అని ఇద్దరు 1977లోనే రాశారట, ఎక్కువమంది చేసేది ఏంటంటే నేర్పేసి, ఇక బయట కూడా వచ్చేస్తుందిలే అని ఆశపడటం అని. మేమూ ఎనిమిది నెలలు ఆశపడ్డాం. ఇప్పుడున్న సెంటర్లో మేడం కార్డులు పక్కన పెట్టి, ఇంట్లో ఏం తింటాడో అవే సంచీలో వేసుకు రమ్మన్నారు, తెలుగులోనే అడుగుతారు, వారానికోసారి నన్ను కూర్చోబెట్టి నాతో అడిగిస్తారు. మావాడికి ఇప్పుడు పది పండ్లు రావు, మూడే వస్తాయి. కానీ ఆ మూడూ రైతుబజార్లో వస్తాయి, మా అత్తయ్య అడిగినా వస్తాయి, ఫ్రిజ్ లోంచి కూడా తెస్తాడు. నన్నడిగితే ఆ 90 శాతం కన్నా ఈ మూడే ఎక్కువ.

ఇప్పుడు విజిల్స్ సంగతి. ఫోన్ లాక్కుంటే ఏడుపు, ఇది అందరి ఇళ్ళల్లో ఉన్నదే కానీ మావాడిది వేరే లెవెల్. రోజుకి నాలుగుసార్లు. సెంటర్లో డేటా షీట్ ఇచ్చి, టైమర్ పెట్టి ఎన్ని నిమిషాలు ఏడ్చాడో రాయమన్నారు. ఏడుస్తున్న పిల్లాణ్ణి పట్టుకుని ఫోన్లో స్టాప్ వాచ్ నొక్కడం, అదీ వాడు ఏ ఫోన్ కోసం ఏడుస్తున్నాడో అదే ఫోన్లో! రెండు రోజుల్లో షీట్ ఎక్కడ పెట్టానో కూడా మర్చిపోయా. కానీ సాయంత్రం ఏడుపు మాత్రం ఎప్పుడూ నేను కుక్కర్ పెట్టే టైంకే, దాంతో నాకు తెలియకుండానే లెక్క అలవాటైంది, ఇవాళ మూడు విజిల్స్ దాకా ఏడ్చాడు అని. కుక్కర్ దించి ఆవిరి పోయి మూత వచ్చేదాకా ఏడ్చిన రోజులూ ఉన్నాయి.

దాన్నే క్యాలెండర్లో పాల లెక్క రాసే గడిలో పక్కన రాయడం మొదలెట్టా. 3, 3, 4, 3. ఒక నెల మా ఆయన పాలవాడికి లెక్క చూసి నేను లేనప్పుడు డబ్బులిచ్చేశారు, రోజుకి మూడు ప్యాకెట్లు చొప్పున. ఆ అబ్బాయి మంచోడు కాబట్టి వెనక్కి తెచ్చిచ్చాడు. అప్పటి నుంచి పక్కన "వి" అని రాస్తున్నా.

నెల తర్వాత మేడం "ఎలా ఉంది" అంటే నేను "ఏం మార్పు లేదండీ, రోజుకి నాలుగుసార్లు ఏడుస్తూనే ఉన్నాడు" అన్నా. క్యాలెండర్ ఫోటో చూపించమన్నారు. ఆవిడ చూసి నవ్వారు. నాలుగుసార్లు అనేది మారలేదు, నిజమే, కానీ మూడు విజిల్స్ కాస్తా రెండయ్యాయి, చివరి వారంలో రెండు రోజులు ఒకటే ఉంది. రాసింది నేనే, కానీ చూడలేదు! ఎన్నిసార్లు అన్నది ఒకటే కాదు, ఎంతసేపు, ఎంత గట్టిగా, మొదలైన ఎంతసేపటికి మన మాట వింటున్నాడు, ఆగాక మామూలు అవ్వడానికి ఎంత పడుతోంది, ఇవన్నీ వేరువేరుగా మారతాయట. ఒక్కోసారి మొదట మారేది మనం లెక్కపెట్టనిదే.

కానీ దానికి ముందు ఒక దరిద్రపు వారం ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. ఏడిస్తే ఫోన్ ఇవ్వొద్దు అని మొదలెట్టే ముందు వాడికి "ఇంకా కావాలి" అని చేత్తో సైగ చేయడం మూడు వారాలు నేర్పారు, ఇసుక గడియారం ఒకటి పెట్టి అది అయిపోతే ఫోన్ అయిపోయినట్టు అని అలవాటు చేశారు. ఆ తర్వాతే ఏడుపుకి ఫోన్ ఆపాం. మొదటి నాలుగు రోజులు ఏడుపు తగ్గకపోగా డబులైంది, కొరికాడు, రిమోట్ విసిరాడు. ఇలా అవుతుందని ముందే చెప్పారు, ఎప్పుడూ పనిచేసే దారి ఒక్కసారిగా మూసుకుపోతే వదిలేసే ముందు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తారట, లిఫ్ట్ రాకపోతే మనం బటన్ టకటకా పదిసార్లు నొక్కమా, అలాగ. చెప్పడం వేరు, మూడో రోజు రాత్రి తొమ్మిదింటికి భరించడం వేరు. అత్తయ్య "వాడి ఉసురు పోసుకోకే అమ్మాయ్" అని ఫోన్ ఇచ్చేశారు.

మర్నాడు మేడం అత్తయ్యనే తీసుకురమ్మన్నారు. తిట్టలేదు. "పెద్దమ్మగారూ, రమ్మీ యాప్ ఆడేవాళ్ళని చూశారా, పదిసార్లు పోయి ఒక్కసారి వస్తుంది, ఆ ఒక్కసారి కోసమే మళ్ళీ ఆడతారు కదా, నిన్న మీరు ఆ ఒక్కసారి ఇచ్చారు" అన్నారు. మా అత్తయ్య తమ్ముడు ఒకాయన ఉన్నారు, ఆ యాప్ లోనే పొలం డబ్బులు పోగొట్టుకున్నారు, పాపం మేడంకి అది తెలీదు. అత్తయ్య ఆ రోజు నుంచి ఫోన్ తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంటున్నారు, నాకు కాల్ వచ్చినా ఆవిడే తీసివ్వాలి. ఒకటి మాత్రం జాగ్రత్త, తల కొట్టుకోవడం లాంటివి ఉన్న పిల్లలకి ఇది ఎవరికి వాళ్ళు చదివేసి చేసేది కాదు, మా దగ్గర కూడా మేడం రోజూ ఫోన్లో అందుబాటులో ఉండబట్టే చేశాం.

నిక్కరు గురించి రాయకపోతే మా ఆయన ఒప్పుకోరు. నిక్కరు వేసుకోవడం నేర్పేది మొదటి నుంచి కాదు, చివరి నుంచట. అంటే మోకాళ్ళ దాకా మనం వేసేసి ఆఖర్న పైకి లాక్కోవడం ఒక్కటే వాడికి వదిలేయాలి, అది వచ్చాక పిక్కల దాకా, తర్వాత రెండో కాలు, అలా వెనక్కి. ప్రతిసారీ పని పూర్తిచేసింది వాడే అవుతాడు కాబట్టి ఇష్టంగా చేస్తాడు. మొదట వాడి చేతి మీద నా చెయ్యి, తర్వాత మోచేతి దగ్గర ఊరికే తాకడం, తర్వాత చూపించడం, తర్వాత నేను పక్కన నిలబడితే చాలు. బయటివాళ్ళకి మొదటి రోజూ నూరో రోజూ ఒకటే, అమ్మ పక్కనుంది పిల్లాడు నిక్కరు వేసుకున్నాడు. నా చెయ్యి ఎక్కడుంది అన్నదే తేడా. అయిదు నెలలకి ఒక పొద్దున నేను పోపు పెడుతుంటే వాడు స్నానం చేసి టవల్ విప్పేసుకుని, నిక్కరు తనే వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు, వెనకది ముందుకి, ఒక జేబు బయటికి తిరగబడి. నేను సరిచేయబోతుంటే ఈయన "ముట్టుకోకు, ముట్టుకోకు" అని అరిచి ఫోటో తీశారు. ఆ రోజంతా అలాగే తిరిగాడు, సెంటర్‌కి కూడా అలాగే వెళ్ళాడు.

సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజులుండి వస్తే టాయిలెట్ ట్రైనింగ్ మొత్తం పోయింది. ఇండియన్ టాయిలెట్, పెరట్లో, రాత్రి చీకటి, ఇంటినిండా జనం, పోదా మరి. నేను ఇక అయిపోయింది, మళ్ళీ నాలుగు నెలలు అనుకున్నా, ఎందుకంటే మొదటిసారి నాలుగు నెలలు పట్టింది. పన్నెండు రోజుల్లో తిరిగొచ్చింది. పోయిందని బాధపడ్డ రోజులు క్యాలెండర్లో ఉన్నాయి కానీ ఎంత తొందరగా తిరిగొచ్చిందో నేను లెక్కపెట్టుకుంది మార్చిలో.

ఇంకోటి, ఇది కొంచెం గొడవ విషయం. కిందటేడు వర్షాకాలంలో ఒక మూడు రోజులు వాడు అసలు అల్లరి లేదు, చెప్పిన చోట కూర్చున్నాడు, ఏడవలేదు, ఇంట్లో అందరూ "బుద్ధిమంతుడైపోయాడు" అని దిష్టి తీశారు. నేను గడిలో సున్నాలు రాసుకుని మురిసిపోయా. నాలుగో రోజు జ్వరం 102, చెవిలో ఇన్ఫెక్షన్. నోరు లేని పిల్లాడు, నొప్పికి నీరసపడి పడుంటే మేం దాన్ని ఇంప్రూవ్‌మెంట్ అనుకున్నాం. అప్పటి నుంచి నెమ్మదిగా ఉన్నాడు అని ఎవరైనా మెచ్చుకుంటే ముందు నుదురు ముట్టుకుని చూస్తా. ఇప్పటికీ ఆ సున్నాలు కొట్టేయలేదు, అలాగే ఉన్నాయి.

ఆ వెంటనే మేం అడిగి పెట్టించుకున్న టార్గెట్ "వద్దు" అని చెప్పడం. అరచెయ్యి ముందుకి పెట్టి తోసినట్టు సైగ. అది వచ్చాక మొట్టమొదట దాన్ని వాడింది మా అత్తయ్య చేసిన ఉప్మా మీద. ప్లేటు విసరలేదు, చెయ్యి పెట్టి వద్దన్నాడు, ఆవిడ మొహం చూసి మరీ. అత్తయ్యకి కోపం, "అన్నం పెడితే నెట్టేస్తున్నాడు, ఇదా నేర్పేది" అని. నేను లోపలికెళ్ళి మేడంకి వాయిస్ మెసేజ్ పెట్టా, నవ్వుతూ ఏడుస్తూ ఏం మాట్లాడానో నాకే తెలీదు. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్లాడు కావాలని మొదట్లో నేనూ అనుకున్నా, ఎవరు ఏం చెప్పినా చేసే, ఇంటికొచ్చి చెప్పలేని పిల్లాడంటే ఎంత భయమో తర్వాత తెలిసింది.

వాట్సాప్ గ్రూపుల్లో ఒక నంబరు తిరుగుతుంటుంది, వారానికి నలభై గంటలు థెరపీ చేస్తే సగం మంది మామూలైపోతారని. అది 1987లో అమెరికాలో లోవాస్ అనే ఆయన చేసిన స్టడీ. పిల్లలు పందొమ్మిది మంది, అందులో తొమ్మిది మంది మామూలు స్కూల్లో చదివే స్థాయికి వచ్చారని రాశాడు. పిల్లల్ని చీటీలేసి గ్రూపులు చేయలేదు (కాబట్టి మార్పంతా థెరపీ వల్లేనని గట్టిగా చెప్పలేం), గట్టిగా అరవడం, తొడ మీద కొట్టడం కూడా ఆ పద్ధతిలో ఉన్నాయి, ఈ ముక్క ఫార్వార్డుల్లో ఉండదు. నేను ఆ నలభై గంటలు చూసుకుని ఒక ఏడాది పాటు నా అయిదు గంటలకి సిగ్గుపడ్డా. గంటకి ఆరొందలు, మీరే లెక్కేసుకోండి నలభైకి ఎంతవుతుందో.

ఇంకో నంబరు సదరం క్యాంపులో. మన దగ్గర వైకల్యం సర్టిఫికెట్ కోసం ఐసా అని, ఆటిజం ఎంత ఉందో కొలిచే నలభై ప్రశ్నల స్కేల్ వేస్తారు, మన సికింద్రాబాద్‌లోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థ తయారుచేసిందే. శాతం నలభై, ఆపైన ఉంటేనే చాలా సౌకర్యాలకి అర్హత. అది కావాలి, తీసుకోండి, సిగ్గుపడకండి. కానీ ఆ శాతం తగ్గిందా లేదా అని ఎదురుచూడటం నాలాగా చేయకండి. ఆ స్కేల్లో నిక్కరు జేబు ఉండదు.

పిన్నికి ఫోన్ చేసి ఇదంతా చెప్దామనుకున్నా, చేశా కూడా, వంట గ్యాస్ బుకింగ్ గురించి మాట్లాడి పెట్టేసింది. సరే, ఎప్పుడైనా మా ఇంటికొచ్చి రెండు రోజులుంటే ఆవిడే చూస్తుంది.

ఇవాళ సాయంత్రం గోంగూర పచ్చడి నూరదామని జార్ తీశా. వాడు చూశాడు. చెవులు మూసుకోలేదు, బెడ్రూంలోకీ వెళ్ళలేదు, మూతలు కింద పెట్టేసి నా వైపు నడిచొచ్చాడు. నాకు గుండె దడ, పాత రోజులు మళ్ళీ వచ్చాయేమో అని. గుమ్మం దాకా వచ్చి, నన్నోసారి చూసి, వంటింటి తలుపు లాగి మూసేశాడు. నేను లోపల, వాడు బయట. ఎవరూ నేర్పలేదు ఇది. నేను అలాగే ఒక నిమిషం నిలబడి, తర్వాత స్విచ్ వేశా. పచ్చడయ్యాక తలుపు తీస్తే మూతలన్నీ వరసగా పేర్చుకుంటున్నాడు, తల కూడా ఎత్తలేదు.

క్యాలెండర్లో ఇవాళ్టి గడిలో "తలుపు" అని రాశా. పాల లెక్కలో తలుపేంటి అని మా ఆయన రేపు పొద్దున్నే అడుగుతారు.